మా వెబ్‌సైటు ఇచ్చిన మిస్డ్ కాల్స్

బతికున్న మనిషి చావుకు కడప నుంచి జీపు నిండా చుట్టాలను రప్పించిన ఘనత మా జిల్లాలో నాకొక్కడికే దక్కింది. అదీ ఒక్కరికి కూడా ఫోన్ చేయకుండా. ఎలాగో చెబుతాను గానీ, కాస్త గుండె చిక్కబట్టుకుని వినండి.

అప్పుడు నేను కంప్యూటర్ చదువు పూర్తిచేసి, కల్లూరులో రంగయ్య శెట్టిగారి లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో కొత్తగా చేరాను. కింద ఆఫీసు, పైన వాళ్ల ఇల్లు. రెండింటికీ ఒకటే ల్యాండ్‌లైన్. ఇంట్లో కూర్చుని లారీ బుక్ చేసుకునేలా ఆయనకొక వెబ్‌సైటు తయారుచేసి పెట్టాను. అది చూసుకుని నేను నేలమీద నడవడం మానేశాను.

ఒకరోజు ఆ సైటులో 'బుక్ చేయండి' అనే బటన్ చచ్చిపోయింది. మా ఆఫీసు కంప్యూటర్లో భేషుగ్గా పనిచేస్తోంది, బయటివాళ్లు నొక్కితే మాత్రం ఉలుకూ పలుకూ లేదు. పక్క ట్రాన్స్‌పోర్టాయన సాయంత్రం నవ్వుతూ వచ్చి చెబితే గానీ శెట్టిగారికి సంగతి తెలియలేదు.

"తప్పు జరిగితే ఊరందరికీ తెల్సినాంక నాకు తెల్సేదేందప్పా? అందరికన్నా ముందు నాకు తెల్యాల. ఏం జేస్తావో చెయ్," అన్నాడాయన.

ఆ వారంలోనే చుట్టాలింట్లో నిశ్చితార్థమని ఇల్లంతా కడపకు బయల్దేరింది. శెట్టిగారు జీపు ఎక్కబోతూ నన్ను పక్కకు పిలిచాడు.

"పైన నాయిన ఒక్కడే ఉంటాడు. గుండె బాగలేని మనిషి. జాగర్తగా చూస్కో. ఏమన్నా అయిందంటే నీదే బాధ్యత."

"మీరు నిశ్చింతగా పోయి రండి సార్," అన్నాను. ఎంత ధైర్యం చూడండి.

ఆయన తిరిగొచ్చేలోగా సైటుకు ఒక కాపలా పెట్టి, నోరెళ్లబెట్టించాలని నా ఆశ. అందుకే ముందుగా చెప్పలేదు. ఆ రోజుల్లో మా వైపు సెల్‌ఫోన్లు మాట్లాడటానికి కాదు, మోగించి కోసేయడానికి ఉండేవి. బస్సు దిగితే ఒక మిస్డ్ కాల్, ఆటో పంపమంటే రెండు. అలా పైసా ఖర్చు లేకుండా సంసారాలే నడుస్తుంటే, నా వెబ్‌సైటు నడవదా?

కాబట్టి ఏర్పాటు ఇదీ. సైటు చూస్తున్నవాళ్ల కంప్యూటర్లో ఏదైనా తప్పు జరిగితే, ఆ పేజీయే గుట్టుగా మా ఆఫీసు కంప్యూటర్‌కు కబురు పంపుతుంది. కబురు అందగానే, బ్రాడ్‌బ్యాండ్ వచ్చాక మూలన పడున్న పాత మోడెమ్ ల్యాండ్‌లైన్ నుంచి శెట్టిగారి సెల్‌కు ఒక రింగు ఇచ్చి కోసేస్తుంది. తప్పుకొక మిస్డ్ కాల్. అంతటితో ఊరుకుంటే నేను బాగుపడేవాణ్ణి. మర్యాద మనుషులం కదా, కబురు పంపిన వెంటనే పేజీ అడుగున 'క్షమించండి' అనే మాట కూడా కనిపించేలా రాశాను. ఒక పేజీలో పరీక్షించాను, దివ్యంగా పనిచేసింది. మిగతా పేజీల్లో ఆ మాటకు చోటే పెట్టలేదన్న సంగతి మరిచిపోయి, బొరుగులతో చేసిన ఉగ్గాని, బజ్జీల పొట్లాలు పట్టుకుని పెద్దాయన దగ్గరికి పైకి వెళ్లాను.

నేను రెండో మిరపకాయ బజ్జీ కొరికేటప్పటికి కింద ఏం జరుగుతోందంటే, ఎవరి పేజీలోనో చిన్న తప్పు దొర్లింది. కబురు వెళ్లింది, మిస్డ్ కాల్ వెళ్లింది. 'క్షమించండి' అనబోతే చోటు లేదు. అదొక కొత్త తప్పయింది. దానికి మళ్లీ కబురు, మళ్లీ మిస్డ్ కాల్, మళ్లీ క్షమాపణ, మళ్లీ తప్పు.

పెద్దాయన ఎవరికో ఫోన్ చేద్దామని రిసీవర్ ఎత్తాడు. "ఏమప్పా, దీంట్లో ఏందో కీచుమని కూస్తాంది?"

కొరికిన బజ్జీ పొట్లంలోనే పడేశాను. కిందికి ఉరికి చూస్తే కంప్యూటర్ తెర నిండా కబుర్లే. మోడెమ్ వైరు పీకేశాను. పీకీ పీకగానే ఫోన్ మోగింది. నంద్యాల నుంచి శెట్టిగారి బావమరిది.

"ఇప్పటికి దొరికింది లైను! ఎప్పుడు తీస్తాండారప్పా?"

"ఏం తీసేదన్నా?"

"పెద్దాయన్ను! మూడు మిస్డ్ కాల్స్ వస్తే పెద్దాయన పోయినట్టని మా బావోళ్లు ఎప్పుడో అనుకోనుండారు. అట్లాంటప్పుడు మాట్లాడేకి గొంతు రాదు గదా. మూడేంది, ఆగకుండా వస్తానే ఉండాయంట. మళ్లా చేస్తే లైను దొరకలా. అందరికీ చెప్పుకుంటాండారేమో అనుకున్న్యాం."

"అన్నా, తాత బాగుండాడు! పైన ఉగ్గాని తింటాండాడు!"

ఆయన గొంతు మెత్తగా చేసుకున్నాడు. "చిన్నోనివి, తట్టుకోలేక ఏందేందో మాట్లాడతాండావు. గుండె రాయి చేస్కో. బావ సెల్లు ఆగిపోయింది. ఈడికొస్తానే నేనూ జీపు ఎక్కుతా," అని పెట్టేశాడు.

నేను తిరిగి నంద్యాలకు చేస్తే ఎత్తేవాళ్లు లేరు. ఏడుస్తూ జీపులో వస్తున్న మనిషికి నిజం చెప్పే దారి లేదు. వాళ్లు వచ్చి ఒక్కసారిగా గుండెలు బాదుకుంటే, ఆ గోలకు పైనున్న పెద్దాయన గుండె నిజంగానే ఆగిపోతే? అప్పుడు జరగబోయే తప్పును గంటల ముందే పసిగట్టిన కాపలా ప్రపంచంలో నాదొక్కటే అవుతుంది. భయమంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది. మెట్టు మెట్టుకూ దేవుణ్ణి తలచుకుంటూ పైకెళ్లి, నీళ్లు నమిలి నమిలి పెద్దాయనకు చెప్పేశాను.

ఆయన నన్ను రెప్ప వేయకుండా చూశాడు. నేను ఆయన ఛాతీ వైపు చూస్తున్నాను.

"యాడిదాకా వచ్చినారంట?"

"నంద్యాలకు రాబోతాండారంట తాతా."

"అయితే నా పట్టుపంచె తీస్కరా. వాకిట్లో కుర్చీ ఎయ్. ఎవరు ఎట్ల ఏడుస్తారో చూస్తా. ఈ భాగ్యం ఎవరికి దొరుకుతాది?"

జీపు కనబడక ముందే ఏడుపు వినబడింది. వీధి మలుపు తిరిగేసరికి అది ఆకాశాన్నంటింది. వాకిట్లో పట్టుపంచెతో కాలుమీద కాలేసుకున్న పెద్దాయన కనబడగానే, రేడియో కట్టేసినట్టు ఆగిపోయింది. శెట్టిగారు దూకి వచ్చి తండ్రి పాదాలు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నాకూ ఏడుపొచ్చింది, కానీ నాది వేరే కారణం.

శెట్టిగారు లేచి నావైపు తిరిగాడు. "ఎవరు చేసినారు ఫోను?"

"వెబ్‌సైటు సార్. తప్పు జరిగితే అందరికన్నా ముందు మీకే తెల్యాలన్నారు గదా..."

"ఏం తప్పు జరిగింది?"

"క్షమించండి సార్."

"క్షమించేది మళ్లా చూస్తాం. తప్పేందో చెప్పు."

"అదే సార్. నేను క్షమించండి అని రాసినకాడనే తప్పుండాది."

ఆయన కళ్లు ఎర్రబడ్డాయి. సరిగ్గా అప్పుడే బావమరిది జీపు దిగాడు, నంద్యాలలో కొన్న బారెడు చామంతి దండతో. పెద్దాయన్ని చూసి బిత్తరపోయి, దాన్ని ఎక్కడ దాచాలో తెలియక వెనక్కి పెట్టుకున్నాడు.

"దాచొద్దులే, ఇట్ల తే," అన్నాడు పెద్దాయన. కుర్చీలోంచి నిదానంగా లేచి, ఆ దండ తెచ్చి నా మెడలో వేశాడు. "దుడ్లు పోసి తెచ్చినారు. ఎవరికో ఒగరికి పడాల గదా."

శెట్టిగారు నన్నూ దండనూ ఎగాదిగా చూశాడు. "భద్రంగా పెట్టుకోప్పా. ఇంగొకసారి నా సెల్లు అట్ల మోగిందంటే, కొత్త దండ కొనే పని ఉండదు."

ఆ దండ మెడలో ఉండగానే, పట్టుపంచె సాక్షిగా ప్రమాణం చేశాను. ఏ కాపలా పెట్టినా ముందు ఆ కాపలాకు కాపలా పెడతాననీ, గంట మోగితే అవతలివాళ్లు ఏమనుకుంటారో అడగకుండా జన్మలో గంట కట్టననీ. నేటికీ తప్పలేదు. నేను పెట్టిన ప్రతి హెచ్చరికా మొదట నా ఫోనుకే వస్తుంది. అది మోగినప్పుడల్లా నా చెయ్యి ఫోను కన్నా ముందు మెడ తడుముకుంటుంది.