తొమ్మిదో గడి

ఆఫీసులో ఆయన్ని అందరూ మిల్లీమీటరు అంటారు. వయసులో చిన్నవాళ్ళు కాస్త మర్యాదగా మిల్లీమీటరు బాబాయ్ అంటారు. ఎదురుగానే అంటారు, ఆయనా పలుకుతాడు. ఎప్పుడో ఒక భవనం డ్రాయింగులో ఒక మెట్టు మిగతా వాటికన్నా మూడు మిల్లీమీటర్లు ఎత్తుగా వచ్చిందని, మధ్యాహ్నం భోజనం మానేసి కూర్చుని మెట్లన్నీ చెరిపి మళ్ళీ గీశాడు. "మూడు మిల్లీమీటర్లకి ఎవడి కాలు విరుగుతుందండీ?" అని పక్కవాళ్ళు నవ్వారు. "మెట్లు దిగేవాడు కాళ్ళతో చూస్తాడు, కళ్ళతో కాదు" అన్నాడు. ఆ రోజు పడ్డ పేరు అది. నవ్వినవాళ్ళు ఒక్కొక్కరే వేరే ఆఫీసులకు వెళ్ళి పైకొచ్చారు. ఆయన మాత్రం కిటికీ పక్కన అదే బల్ల దగ్గర ఉండిపోయాడు.

ఆఫీసు యజమాని పెద్దసారు. ఇంజినీర్ల సంఘంలో ఎప్పటినుంచో సభ్యుడు. సంఘ సభ్యుడి సంతకం లేని డ్రాయింగును ఆ ఊళ్ళో ఏ కార్యాలయమూ ముట్టుకోదు. అందుకని మిల్లీమీటరు బరువులు లెక్క కట్టేవాడు, కడ్డీలు ఎన్నో ఎంత లావో తేల్చేవాడు, గీసేవాడు. సాయంత్రం పెద్దసారు వచ్చి పెన్ను మూత తీసి, "అంతా చూశావుగా?" అని అడిగేవాడు. "చూశాను సార్." కాగితం కుడివైపు కింది మూల సంతకం పడేది. ఆ సిరా అలుక్కుపోకుండా మిల్లీమీటరు వంగి మెల్లగా ఊదేవాడు. ముప్పై ఏళ్ళు ఊదాడు. సొమ్మొకడిది సోకొకడిది అనేది మనందరికీ సామెత, ఆయనకు ఉద్యోగం.

చదువు లేక కాదు. చేరినప్పుడు డిప్లొమాయే ఉన్నా, సెలవు రోజుల్లో చదివి చదివి నలభయ్యో ఏట ఇంజినీరింగు పట్టా తెచ్చుకున్నాడు. తెచ్చి పెద్దసారుకి చూపించాడు. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, "ఫోటో బాగా వచ్చిందయ్యా" అన్నాడు.

సంఘంలో చేరాలంటే దరఖాస్తు మీద ఇద్దరు సభ్యులు సంతకం చెయ్యాలి. ఒకరు ఎవరైనా దొరుకుతారు. రెండోవాడు మాత్రం పనిచేసే చోటి పై అధికారే అయ్యుండాలి. ఆ కాగితం మిల్లీమీటరు సొరుగులో ఏడేళ్ళు పడి ఉంది. ఎప్పుడు కదిపినా పెద్దసారుది ఒకటే పాట.

"నీకెందుకయ్యా ఈ గోల? ఏదన్నా కూలిందనుకో, సంతకం పెట్టినవాడు జైలుకెళ్తాడు, గీసినవాడు ఇంటికెళ్తాడు. నిన్ను నేను కాపాడుతున్నాను, తెలుసా?"

ఆ మాట ఇంటికి మోసుకొచ్చి భార్యకు చెప్పాడు. ఆవిడ బట్టలు మడతపెడుతూ అడిగింది: "ఇన్నేళ్ళలో ఆయన ఒక్కసారన్నా జైలుకెళ్ళాడా?"

"లేదు."

"ఎందుకెళ్ళలేదు?"

"ఏదీ కూలలేదు కాబట్టి."

"ఎందుకు కూలలేదు?"

ఆవిడ మడత చొక్కా ఆయన చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

ఆవిడకు అడిగే హక్కుంది. ఊళ్ళో పెద్దాస్పత్రికి ర్యాంపు వచ్చిన కథలో ఆవిడకూ భాగం ఉంది. అంతకుముందు అక్కడ రోగిని పై అంతస్తుకు చేర్చాలంటే నలుగురు మనుషులు స్ట్రెచర్ ఎత్తి మెట్లెక్కేవాళ్ళు. ఒకసారి అలా మోసుకెళ్ళింది మిల్లీమీటరు అత్తగారినే. మధ్యలో ఒకడి చెయ్యి జారింది. ఆవిడ పడలేదు గానీ ఆ అరుపు అల్లుడి చెవుల్లో ఉండిపోయింది. ఏడాది తిరక్కుండా ఆ ఆస్పత్రి పని పెద్దసారు ఆఫీసుకే వచ్చింది. మిల్లీమీటరు నలభై రోజులు ఇంకో కాగితం ముట్టలేదు. ఉన్న కాస్త జాగాలో ఒకే గోడ చుట్టూ తిరుగుతూ పైకి వెళ్ళే ర్యాంపు గీశాడు. మలుపులు సరిపోతాయా అని అనుమానం వచ్చి, ఆస్పత్రి ఆవరణలో సుద్దముక్కతో నేల మీద గీతలు గీసి, భార్యను స్ట్రెచర్ మీద పడుకోబెట్టి తానే తోశాడు. నర్సులు కిటికీల్లోంచి చూసి నవ్వుకున్నారు. "బతికుండగానే ఊరేగిస్తున్నారు" అంది ఆవిడ, పడుకునే.

ఇప్పుడా ర్యాంపు చూడటానికి పక్క ఊళ్ళనుంచి కూడా వస్తారు. కింద రాతిపలక మీద పెద్దసారు పేరు ఉంటుంది. మిల్లీమీటరుకు పలక మీద ఆశ లేదు. రిటైరయ్యే లోపు ఒక్క డ్రాయింగు కింద, ఒక్కదాని కిందైనా, తన సంతకం ఉండాలని మాత్రం ఉండేది. పనికిరాని ట్రేసింగ్ కాగితం ముక్కల మీద ఆ సంతకం సాధన చేసి, ఎవరూ చూడకుండా చింపేసేవాడు.

ఆయన మొర విన్నది దేవుడు కాదు, ఎన్నికలు. పెద్దసారు సంఘం అధ్యక్ష పదవికి నిలబడ్డాడు. తనవాళ్ళు అనుకున్న ప్రతివాడినీ సభ్యుడిగా చేర్చే పని మీద పడ్డాడు. ఒకరోజు తనంతట తానే వచ్చి, "ఏదయ్యా నీ కాగితం?" అని అడిగి నిలబడే సంతకం పెట్టేశాడు.

అందులో తొమ్మిదో గడి ఖాళీగా ఉంది. 'స్వంత బాధ్యతతో చేసిన పనులు' అని ఉంటుంది ఆ గడి మీద. ఏం రాసినా అది పెద్దసారు పేరున ఉన్న పనే అవుతుందని మిల్లీమీటరు వదిలేశాడు. పెద్దసారు అదీ నింపేశాడు: 'ఆస్పత్రి ర్యాంపు మొదలైన పనుల్లో సహాయకుడు.'

మిల్లీమీటరు చదివాడు. ఏడేళ్ళకు కదిలిన కాగితం మళ్ళీ ఆగిపోతుందేమోనని అలాగే మడిచి కవరులో పెట్టాడు.

ఇంటర్వ్యూ సంఘ భవనంలో. పొడవాటి బల్ల వెనక ముగ్గురు. మధ్యలో తల నెరిసిన వంతెనల ఇంజినీరు, మంచివాడని పేరు. ఒక పక్కన మంచినీళ్ళ శాఖావిడ, ఇంకో పక్కన తలెత్తకుండా ఫోన్ చూసుకునే మనిషి. మధ్యలో కూర్చున్న పెద్దాయన ఒక డ్రాయింగు పరిచాడు.

"ప్రతి అభ్యర్థినీ దీని మీదే అడుగుతున్నాం. ఇది అర్థమైతే ఇంజినీరింగు అర్థమైనట్టే. తీరిగ్గా చూసుకుని చెప్పండి."

ర్యాంపు. ఒక్కొక్క అంకె తను రాసింది. మిల్లీమీటరు కాగితం చూడలేదు. పెద్దాయన మొహం చూస్తూ చెప్పుకుపోయాడు. వాలు ఎంత, గోడ మీద బరువు ఎలా దిగుతుంది, కడ్డీలు స్లాబు పైభాగాన ఎందుకున్నాయి, అన్నీ చెప్పాడు. ఎవరూ ఆపలేదు.

"మూడో మలుపు దగ్గర మాత్రం వెడల్పు పెరిగింది. ఎందుకు?" అని అడిగింది మంచినీళ్ళ శాఖావిడ.

"మొదట మిగతా వాటంతే పెట్టానండి. మా ఆవిడ మోచెయ్యి గోడకి కొట్టుకుంటుందని తేలింది."

"మీ ఆవిడా?"

నవ్వారు ముగ్గురూ. పెద్దాయన ముందు ఆపాడు. ఫోన్ మనిషి ఫోను బల్ల మీద పెట్టాడు.

"అంటే ఇది గీసింది మీరా?" అన్నాడు పెద్దాయన.

"నేనేనండి. లెక్కలూ నేనే వేశాను."

పెద్దాయన దరఖాస్తు తిప్పి తొమ్మిదో గడి చదివాడు. ఏమనుకున్నాడో, అక్కడికక్కడే పెద్దసారుకి ఫోన్ చేసి అందరికీ వినపడేలా పెట్టాడు.

"మనవాడేనండీ! చెయ్యి బంగారం. నోటితో చెబితే చాలు, గీసి పెట్టేస్తాడు" అంది పెద్దసారు గొంతు.

"మరి లెక్కలు?"

"మా ఆఫీసులో అంతా ఒక కుటుంబమండీ. నాదీ నీదీ అనుకోం."

ఫోన్ పెట్టేశాక పెద్దాయన గొంతు తగ్గించాడు.

"బాబూ, మీ మాట నేను నమ్ముతున్నాను. కానీ నమ్మానని రాస్తే విచారణ వెయ్యాలి. ఆయన చెయ్యని పనికి సంతకం పెట్టాడు, మీరు పెట్టించుకున్నారు. ఇద్దరూ పోతారు. ఇక్కడ చూస్తే ఆయన రేపో మాపో అధ్యక్షుడు. మీకెన్నేళ్ళు?"

"యాభై మూడండి."

"తొమ్మిదో గడిలో ఉన్నది నిజమేనని పక్కన సంతకం పెట్టండి. సభ్యత్వం ఈ పూటే ఇచ్చేస్తాం."

మంచివాళ్ళు చేసే అన్యాయానికి విరుగుడు లేదు. చెడ్డవాడైతే తిట్టొచ్చు. మిల్లీమీటరు పెన్ను తీసుకున్నాడు. ఇన్నేళ్ళూ చింపేసిన సంతకం మొదటిసారి ఒక కాగితం మీద నిలిచింది. ర్యాంపు తనది కాదని చెప్పే మాట పక్కన నిలిచింది.

ఇంటికొచ్చి జరిగింది జరిగినట్టు చెప్పాడు.

"మరి ఆ స్ట్రెచర్ మీద పడుకున్నదెవరట?" అంది భార్య. "నేను సహాయకుడి సహాయకురాలినా?"

ఆయన నవ్వుదామనుకున్నాడు. ఆవిడ నవ్వలేదు. సభ్యత్వ కార్డు వచ్చిన రోజున కూడా, చూడమని చేతికిస్తే, "ఫోటో బాగానే వచ్చింది" అని తిరిగిచ్చేసింది.

పెద్దసారు గెలిచాడు. చేతులెత్తమన్నప్పుడు మిల్లీమీటరు చెయ్యి కూడా లేచింది. మర్నాడు మిల్లీమీటరు తన పేరూ సభ్యత్వ నంబరూ ఉన్న రబ్బరు ముద్ర సొరుగులో పెట్టుకుని కూర్చున్నాడు. బల్ల మీద కొత్త పని ఉంది. చిన్న కాలివంతెన, మనుషులు నడిచేది. మొదటి సంతకం దానికే అనుకున్నాడు.

పెద్దసారు వచ్చి దాని మీద వేరే డ్రాయింగు పెట్టాడు. బడి వరండా కప్పు. పక్క బల్లావిడ గీసింది. పదకొండేళ్ళుగా అక్కడే పనిచేస్తోంది, ఇద్దరు పిల్లల తల్లి, మిల్లీమీటరు దగ్గరే పని నేర్చుకుంది. లెక్కలు కూడా ఆవిడే వేసింది. రెండు వారాలుగా ఆవిడ తల ఎత్తకపోవడం మిల్లీమీటరు చూస్తూనే ఉన్నాడు.

"సంఘం పనులతో నాకు ఊపిరి సలపడం లేదయ్యా. ఇకనుంచి వీటికి నువ్వే పెట్టెయ్. కాంట్రాక్టరు బయట కూర్చున్నాడు."

"సార్, గీసినవాళ్ళ పేరుకి కింద ఒక గడి పెడితే..."

"కొత్త గడులు సంఘం ఒప్పుకోదు. సభ్యుడివి, నీకు తెలీదా?" అంటూ పెద్దసారు వెళ్ళిపోయాడు.

ఆవిడ లేచొచ్చి బల్ల పక్కన నిలబడింది. మొహంలో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"పెట్టండి బాబాయ్. ఇన్నాళ్ళకి మీ సంతకం నా డ్రాయింగు మీద పడుతోంది, నాకు సంతోషమే."

లెక్కలన్నీ మొదటినుంచీ చూడాలంటే రెండు రోజులు పడుతుంది. బయట కాంట్రాక్టరు దగ్గాడు. మిల్లీమీటరు పెన్ను మూత తీశాడు.

"అంతా చూశావుగామ్మా?"

"చూశాను బాబాయ్."

కుడివైపు కింది మూల సంతకం పెట్టాడు. ఆవిడ వంగి, సిరా ఆరేదాకా మెల్లగా ఊదింది.