తుపాకి మూతికి నిమ్మకాయ

"గిన్నెలు తోమమంటే మూతి ముడుస్తది గని, తుపాకి తోమమంటే ఉరుకుతది" అని మా అమ్మ వాడకట్టంత చెప్పుకుంట తిరిగేది. చెప్పుకోనీ. ఆ రోజుల్ల నాకు రైఫిల్ మీదున్న పానం ఇంక దేని మీద లేకుండె.

మాది కొత్తవాడ. బాపు జంపఖానాలు నేస్తడు. నేను డిగ్రీ చదివేటప్పుడు హన్మకొండల ఒక షూటింగ్ క్లబ్బుల చేరిన. అక్కడి కోచ్ సారు మిలిటరీల చేసి వచ్చినాయన. నా గురి చూసి మెచ్చుకుండు గని, చాన రోజులు తూటా ముట్టనియ్యలే. గొట్టం తుడుసుడే పని. ఒకసారి తొందరల తుడిసే రాడ్డు ముందు దిక్కు నుంచి దూర్చబోతే నెత్తి మీద ఒక్కటి మొట్టిండు. "వెనుక నుంచి పెట్టాలె! మూతి అంచుకు చిన్న గీత పడ్డదనుకో, తూటా ఏ దిక్కు పోతదో దానికే తెల్వది" అన్నడు. నూనె తడిపిన పేలిక ముందుగాల, దాని వెనుక పొడి పేలికలు, తెల్లగ బయటికొచ్చేదాక. పోటీకి పోయే ముందు లోపల నూనె చుక్క గూడ ఉండద్దు. మెత్తటి నూలుగుడ్డలకు మా ఇంట్ల కొదవ లేదు, సంచి నింపుకొని పోయేదాన్ని.

ఆ యేడు రాష్ట్ర టీముకు సెలక్షన్లు దసరా అయినంక పడ్డయి. టీముల పేరొస్తే స్పోర్ట్స్ కోటాల నౌకరీకి దారి దొరుకుతది. అప్పటికే బాపుకు మగ్గం మీద వంగి వంగి నడుము పట్టేసింది, కూసుంటే లేవరాదు, లేస్తే కూసోరాదు. "నీకు నౌకరొస్తే నేను మగ్గం దిగుత బిడ్డా" అన్నడు. ఎన్నడు ఏదీ అడగని మనిషి. ఇగ నాకు నిద్రల గూడ అదే యావ.

క్లబ్బు సెక్రటరీ సారుది బజార్ల బట్టల దుకాణం. చెడ్డోడని అనను. కాకపోతే వేడుకలంటే, ఫోటోలంటే పిచ్చి. దసరాకు ఆయుధపూజ ప్రతి యేడు చేసేటోళ్లే, బొట్టు పెట్టి, దండేసి, హారతిచ్చుడు, అంతే. ఆ యేడు ఎవరో పెద్దమనిషి వస్తాండని సారు రైఫిళ్లను గోడకు నిలవెట్టి, మూతికొక నిమ్మకాయ గుచ్చిండు. అమ్మోరి త్రిశూలానికి గుచ్చుతరు సూడు, గట్ల.

నేను ముందటికి పోయి, "సార్, రసం లోపలికి దిగుతది, ఇనుమును తింటది, తీసెయ్యున్రి" అన్న.

"ఛ, పండుగ పూట గిదేం మాట! అమ్మోరి ముందట పెట్టినదాన్ని ఉద్వాసన చెప్పకుంట తీస్తరా?" అన్నడు. పెద్దమనిషి ఇనుకుంట నవ్విండు.

కోచ్ సారు పండుగకు మరిపెడ పోయి ఉండె. ఫోను చేస్తే "నేనొచ్చినంక చూద్దాం తీ" అన్నడు. సెక్రటరీ సారు ఉద్వాసన మాటే మరిచి, రైఫిళ్లున్న గదికి తాళమేసి, తాళంచెయ్యి జేబులేసుకొని ఇంటోళ్లతోని తీర్థం పోయిండు. ఫోను చేస్తే "ఫికర్ చెయ్యకమ్మా, అమ్మోరే చూసుకుంటది" అన్నడు. ఏం చూసుకుంటది? తాళం ఆయన దగ్గరుండె.

సెలక్షన్లు రేపనంగ గది తెరిచిండ్రు. నిమ్మకాయలు కుళ్లి కారినయి. పేలిక పెట్టి గుంజితే ఎర్రటి తుప్పు. మల్ల పెట్టిన, మల్ల ఎరుపే. సంచిల గుడ్డలు ఒడిసేటాల్లకు తెల్లగొచ్చింది గని, మూతి అంచుకు గోరు పెడితే గరుకు తగిలింది. కోచ్ సారు టార్చేసి లోపలికి చూసి "తిన్నది. గొట్టం పోయింది" అన్నడు, నాకొక్కదానికే ఇనవడేటట్టు. ఇంకో రైఫిల్ అడుగుదామంటే క్లబ్బులున్న వాటన్నిటికీ అదే గతి.

అదే రైఫిల్ పట్టుకొని హైదరాబాద్ పోయిన. అదే ఊపిరి, అదే పట్టు. ఒక తూటా కుడికి పోయింది, ఇంకోటి కిందికి, ఇంకోటి ఎడమకు. అన్ని ఒక్కదిక్కే పోతే గురి దిద్దుకోవచ్చు. ఇష్టమున్న దిక్కు పోతాంటే దేనికని దిద్దుకోవాలె? చివరి తూటా పేల్చకముందే నా పని ఖతమైందని తెలిసింది. ఏడవలే. పండ్లు కొరుక్కున్న.

తిరిగొచ్చినంక బాపు నన్ను తోలుకపోనీకి క్లబ్బుకొచ్చిండు. సెక్రటరీ సారు కుర్చేసి, చాయ తెప్పించి, మస్తు మర్యాద చేసిండు. "ఆడపిల్ల గదా, అంత పెద్ద జాగ చూసి బెదిరింది. చెయ్యి వణికింది. ఏమనకు పాపం" అన్నడు.

"వణకలే! మీ పూజ గొట్టాన్ని తిన్నది!" అని నేను ఒర్లిన. వరండల ఉన్నోళ్లందరు ఇటు మర్రిండ్రు. ఒర్లినందుకు ఇప్పటికీ నాకు సిగ్గు లేదు, ఇంకింత గట్టిగ ఒర్లవలసుండె.

బాపు నన్ను ఆగమన్నడు. కోచ్ సారు దిక్కు మర్రి, చేతులు కట్టుకొని అడిగిండు. "సార్, మీరు చెప్పున్రి. మీ మాట ఇంట. తుపాకి ఖరాబయిందా?"

కోచ్ సారు సెక్రటరీ దిక్కు చూసిండు. తర్వాత నేల చూపులు చూసిండు. "జర ప్రాక్టీసు సాలలే" అన్నడు.

మూతి అంచుకు గీత పడ్తదని నెత్తి మీద మొట్టిన మనిషి! ఆయన జీతం సెక్రటరీ చేతుల ఉందని నాకు తెల్వదా? తెలుసు. ఆయనకూ ఇల్లున్నది, ఆయన తిప్పలు ఆయనకున్నయి. అన్ని తెలుసు. అయినా సెక్రటరీ మీద కోపం ఎప్పుడో సల్లారింది గని, ఈయన మీద సల్లారదు. ఇప్పుడు ఎప్పుడన్న చౌరస్తల ఎదురువడి "మంచిగున్నవా అమ్మా" అంటడు. నేను మాట్లాడకుంట రోడ్డు దాటుత.

ఆ రోజు ఇంటికి పోంగనే బాపు అంగీ విప్పి మగ్గమెక్కబోయిండు. "అన్నం తిన్నంక ఎక్కరాదే బాపూ" అన్న.

"ఆకలి లేదు బిడ్డా" అన్నడు. నడుము పట్టుకొని మెల్లగ కూసున్నడు. పోగులు సవరించుకుంట, నా దిక్కు చూడకుంటనే అన్నడు, "భయమైతే భయమైందని నాతోని చెప్తే అయిపోవు గదనే. నేనేమన్న కొట్టేటోన్నా? అందరి ముందట అబద్ధం ఎందుకు ఆడితివి?"