చీమ చచ్చిన పాలు

మా అత్తగారి మీద నాకు ప్రేమ లేదు. ఆమె పోయి ఇన్నేళ్ళయినా లేదు. నా రొమ్ముపాలు విషమని వాడంతా చాటిన మనిషి ఆమె. నైజాం రోజుల్లో, ఇబ్రహీంపట్నంలో, నా తొలిచూలు బిడ్డకు అయిదో నెల నడుస్తున్నప్పటి సంగతి.

బిడ్డకు ఏ జబ్బూ లేదు. ఉన్నదల్లా లోకం మీద ఆరాటం. రెండు గుక్కలు తాగేది, వాకిట్లో కోడి అరిస్తే చాలు, తల గిరుక్కున తిప్పేది. తిప్పేటప్పుడు వదలొచ్చు కదా, అదీ లేదు. చనుమొనను పట్టుకునే తిరిగేది. నా ప్రాణం పోయినంత పనయ్యేది. కచ్చేరి జవాను గుర్రం వీధిలో పోయినా, ఎవరి గాజులు గలగలమన్నా, పాలు వదిలేసి అటు చూసి నవ్వేది. అరకడుపుతో లేచి, కాసేపటికి ఆకలికి గుక్కపట్టి ఏడ్చేది. నెల తిరిగేసరికి తొడల మీద మడతలు తగ్గాయి. నాకు భయం పట్టుకుంది.

ఇంట్లో అన్నిటికన్నా పెద్ద చప్పుడు మా అత్తదే. నేను పాలివ్వడానికి కూర్చోగానే ఎదురుగా పీట వేసుకునేది. తన మేనకోడలి పెళ్ళిలో తనకు కూర తక్కువ వడ్డించారన్న కథ ఎత్తుకునేది. ఎన్నిసార్లు విన్నానో, ఛీ! బిడ్డ మాత్రం కొత్తగా విన్నట్టు ఆమె నోటికేసి చూస్తూ ఉండిపోయేది.

"జర ఊకో అత్తమ్మా, పిల్ల తాగుతలేదు," అన్నాను ఒకరోజు.

"నా మాటలకు తాగకుంటదా? నీ పాలల్లనే ఏదో ఉన్నది. పసిదానికి తెలుస్తది, గందుకే మొకం తిప్పుకుంటున్నది," అంది.

అని ఊరుకోలేదు. మోదుగాకు దొప్ప తెచ్చి అందులోకి పాలు పిండమంది. తల్లి పాలలో చీమను వేస్తారు. ఈదుకుంటూ బయటికొస్తే పాలు మంచివి, చస్తే విషం. అదీ మావాళ్ళ పరీక్ష. గోడ వారనుంచి ఒక గండుచీమను పట్టి వేసింది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వంగి చూశారు. చీమ కాసేపు కాళ్ళు కొట్టుకుని ఆగిపోయింది. పాలలో పడేస్తే చీమ చావక గంతులు వేస్తుందా? ఆ మాట అప్పుడు నాకు తోచలేదు. నిజం చెప్పాలంటే నేనూ నమ్మాను. దానికి ఇప్పటికీ సిగ్గుపడతాను.

పాలు ఎండిపోవాలని మల్లెపూలు తెచ్చి నా రొమ్ములకు కట్టింది. బిడ్డకు ఉగ్గుగిన్నెతో మేకపాలు పట్టింది. మూడు రోజుల్లో బిడ్డకు నీళ్ళలా విరేచనాలయ్యాయి. కళ్ళు లోపలికి పోయాయి. పాలు గడ్డకట్టి నాకు జ్వరం. నాలుగో రోజు వాకిట్లో కోడి గొంతు చించుకుని అరిచింది. బిడ్డ తల తిప్పలేదు. చిటిక వేశాను, గాజులు ఆడించాను. తిప్పలేదు.

అప్పుడు ఒళ్ళు మండిపోయింది. పూలు పీకి అవతల పారేశాను. బిడ్డను ఎత్తుకుని వడ్ల అర్రలోకి పోయి లోపల గొళ్ళెం పెట్టాను. కిటికీ లేని గది, చూడ్డానికి ఏమీ లేదు. బిడ్డకు చప్పరించే బలం కూడా లేదు. నేనే నోట్లోకి పిండాను. ఎంతసేపటికో పట్టుకుంది.

అత్త వచ్చి తలుపు బాదింది. "తియ్యవే! పిల్లకు ఇసం తాపుతున్నవా? నా మనుమరాలిని సంపుతవా?"

"తియ్య. ఏం జేసుకుంటవో చేసుకో పో!"

"నీకేం ఎరుకనే? నాకు గూడ గిట్లనే చీమ సచ్చింది. మా అత్తనే చూసింది. నా పాలు ఆపిచ్చి మేకపాలు పట్టింది. అయినా ఇద్దరు పోయిండ్రు. ఇద్దరు! అప్పటికే నా ఇసం వాళ్ళ కడుపులకు పోయింది."

ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. ఇంకొకరైతే అక్కడితో ఊరుకునేవాళ్ళేమో. నేను ఊరుకోలేదు.

"మరి నీ కొడుకెట్ల బతికిండు? ఆయనకు గూడ చీమ చూసిండ్రా?"

"అప్పటికి మా అత్త సచ్చిపోయింది. ఇంకెవలు చూస్తరు? నా పాలే తాగి..."

అక్కడ ఆగిపోయింది. తలుపు మీద చేతి చప్పుడూ ఆగింది.

"నీ పాలతోటి పోలే అత్తమ్మా. మేకపాలతోటి పోయిండ్రు," అన్నాను. ఊరడించాలని కాదు, తగలాలనే అన్నాను. తగిలింది. గడప అవతల ఆమె కూలబడిన చప్పుడు వినిపించింది. తర్వాత ఏడుపు. పోయిన ఇద్దరినీ పేరుపేరునా పిలుస్తూ ఏడ్చింది.

నా ఒళ్ళో చిన్న కదలిక. బిడ్డ రొమ్ము వదిలి, ఆ ఏడుపు వైపు తల తిప్పింది.

"ఏడ్వకు! పిల్ల పాలిడుస్తున్నది," అని లోపలినుంచి కసిరాను.

అవతల కొంగు నోట్లో కుక్కుకున్నట్టుంది, ఏడుపు అణిగిపోయింది. బిడ్డ మళ్ళీ పట్టుకుని, కడుపు నిండేదాకా తాగింది.