కుడివైపు కురిసే హాలు

మా మేనత్త అసలు పేరు చర్చిలో చాలామందికి తెలియదు. బకెట్ల అత్తయ్య అంటేనే గుర్తుపడతారు. చర్చి పక్కనున్న పాత హాలు తాళాలు ఆవిడ దగ్గరే ఉంటాయి. ఆ హాలుకు వందేళ్లు దాటాయి. వానొస్తే కుడివైపంతా కురుస్తుంది, ఎడమవైపు చుక్క పడదు. మబ్బు పట్టగానే అత్తయ్య ఏ పెంకు కింద ఏ బకెట్టో చూసి మరీ పెట్టేస్తుంది. మామయ్య పోయాక ఆవిడ మళ్లీ మనుషుల్లో పడింది ఆ హాల్లోనే. కుర్చీలు వేసి, ఊడ్చి, దొరికినవాళ్లను గదమాయించి, అప్పుడు హాయిగా ఇంటికొచ్చేది.

అలాంటి హాలు మీద ఓ బిల్డరు కన్ను పడింది. దాన్ని కూల్చి ఇరవై అంతస్తులు లేపుతాడట, అడుగున మాకో ఏసీ గది ఇస్తాడట. అరచేతిలో స్వర్గం చూపించాడు. సంఘంలో ముప్పాతికమంది బుట్టలో పడ్డారు.

"అది కాస్తా పోతే పొద్దున్నే లేచి నేనెక్కడికెళ్లాలిరా?" అంది అత్తయ్య. "జీతానికి పనిచేసేదాన్ని, నాకు ఓటు కూడా లేదు."

ఎప్పుడూ కసురుకునే మనిషి అంత మెల్లగా మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు.

మా సంఘంలో ఓటంటే చేతులెత్తడం కాదు. ఒకసారి ఎత్తిన చేతులు కొట్టుకోడానికి దిగాయని, కూర్చోవడమే ఓటు చేశారు. సరేనన్నవాళ్లు కుడివైపు, వద్దన్నవాళ్లు ఎడమవైపు. పాస్టరుగారు గంట కొట్టేసరికి ఎవరెటుంటే అదే వాళ్ల మాట.

ఆ ఆదివారం కుడివైపు కిటకిటలాడింది. ఎడమవైపు మేం పట్టుమని పదిమందిమి కూడా లేం. బిల్డరు కుడివైపు ముందు కుర్చీలో కాలు మీద కాలేసుకుని తన మేడ గొప్పలు మొదలుపెట్టాడు. ఇంతలో వాన దంచికొట్టింది. మొదటి చుక్క కోశాధికారి బట్టతల మీద పడింది.

"చూశారా, ఇది కురిసే కొంప!" అన్నాడు బిల్డరు హుషారుగా. అంటుండగానే ధార అతని కాలరులోకే దిగింది.

"అత్తయ్యా, బకెట్లేవీ?" అని అందరూ ఒకటే కేకలు.

"కడిగి బోర్లించానండీ. ఆరొద్దూ?"

ఇంకేముంది, కుర్చీలెత్తుకుని ఎడమవైపుకు పరుగో పరుగు. బిల్డరు అందరికంటే ముందొచ్చి మా ఆవిడ పక్కన ఇరుక్కున్నాడు. పాస్టరుగారు ఖాళీ అయిన కుడివైపు ఓసారి చూసి, నవ్వు బిగబట్టి, గంట కొట్టేశారు.

బిల్డరు లబోదిబోమన్నాడు. "పద్ధతి పద్ధతేనండీ. మీరూ ఇటే ఉన్నారుగా" అన్నారు పాస్టరుగారు.

మర్నాడే పెంకులు మార్చడానికి మేస్త్రీ నిచ్చెనతో వచ్చాడు. ఏనాడూ తాళాలు పోగొట్టుకోని అత్తయ్య, అవి ఎక్కడో పడిపోయాయంది.

"అంత తొందరేముంది?" అంది నాతో గుసగుసగా. "ఆ బిల్డరు ఇంకో చోటు చూసుకోనీ, అప్పుడు దొరుకుతాయిలే."