కత్తిని పెళ్ళాడిన కదిరమ్మ

గువ్వలకోటలో నగరును, అంటే పాలెగాళ్ళ ఇంటిని, ఇప్పుడు చూసినవాళ్ళకు నవ్వొస్తుంది. ముందు గోడ కూలి పదేళ్ళయింది. వెనక కొట్టాల్లో చెనిక్కాయ పొట్టు పోసుకుంటారు. ఏనుగును కట్టేవాళ్ళని చెప్పే రాతిగుంజకు ఎవరిదో ఎనుము కట్టేసి ఉంటుంది. అయినా తనకల్లు చుట్టుపక్కల పాతకాలం వాళ్ళు దాన్ని నగరు అనే అంటారు. అందులో ఉండిన తిమ్మానాయనివారిని చనిపోయేదాకా దొర అనే పిలిచారు. పాలెగాళ్ళు పోయారు, పాలెం పోయింది, భూములు బీళ్ళయ్యాయి. మిగిలిందల్లా పరువు. ఆ పరువును నలభై రెండేళ్ళు మోసిన మనిషి కదిరమ్మ.

కదిరమ్మ నాయన మారెప్ప నగరులో ఆయుధాలు తుడిచేవాడు. తుప్పు పట్టిన నాలుగు బల్లేలు, ఒక కత్తి, అంతే ఆ ఆయుధాలు. వాటిని చింతపండుతో తోమి, నూనె పట్టించి, తానే రాజ్యం కాపాడుతున్నట్టు మీసం దువ్వుకునేవాడు. పాపం, అతనికి తెలిసిన లోకం అదే.

ఆ రోజుల్లో దొరకు కన్నడసీమ సంస్థానం ఇంటి పిల్ల చెలువమ్మణ్ణిని ఇచ్చి బెంగళూరులో ఘనంగా పెళ్ళి చేశారు. మూడో నెలలో ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర దొర కంచం మీదికి ఒరిగిపోయాడు. కాళ్ళూ చేతులూ కొట్టుకుని నోట నురగ కక్కాడు. మూర్ఛరోగం. చిన్నప్పటి నుంచీ ఉంది, పెళ్ళికి ముందు దాచారు. దొరసాని అన్నలు వచ్చి, నగరు దద్దరిల్లేలా కేకలు వేసి, చెల్లెల్ని కారెక్కించుకుని పోయారు. కానీ విడాకులంటే వాళ్ళ పరువూ పోతుంది కదా! అందుకని రెండిళ్ళ పెద్దలూ కూర్చుని ఒక మాటకు వచ్చారు. దొరసాని పుట్టింట్లోనే ఉంటుంది. ఏటా దసరాకు వచ్చి ఆయుధపూజలో దొర పక్కన కూర్చుని, సాయంత్రానికి వెళ్ళిపోతుంది. రోగం సంగతి ఎక్కడా పొక్కకూడదు. అన్నలు చెప్పినట్టే ఆమె చేసింది. ఆమెకేం కావాలో ఎవరూ అడిగినట్టు లేదు.

మరి దొరను రాత్రింబవళ్ళు కనిపెట్టుకుని ఉండేదెవరు? పనిమనిషిని పెడితే నోరు జారుతుంది. పెళ్ళికాని పిల్లను పడకగది దాకా రానిస్తే ఊరు ఊరుకోదు. దొర తల్లి, పెద్దదొరసాని, బాగా ఆలోచించింది. మారెప్పకు పంతొమ్మిదేళ్ళ కూతురుంది, నగరు మాట అంటే మారెప్పకు దేవుడి మాట. ఇంకేం కావాలి?

కులం తక్కువ పిల్లను చేసుకునేటప్పుడు దొర పెళ్ళిపీటల మీదికి రాకుండా తన కత్తిని పంపడం ఆ ఇంటి పాత ఆచారం. అలాగే చేశారు. లోపలి వసారాలో పీట మీద కత్తిని పెట్టారు. ముసలి పురోహితుడొకడు రెండు మంత్రాలు గొణిగాడు. తాళిని కత్తికి తాకించి పెద్దదొరసానే కదిరమ్మ మెడలో ముడివేసింది. చూసింది ఆమె, పురోహితుడు, మారెప్ప, అంతే. పెళ్ళికొడుకు పక్కగదిలో ఉన్నాడు. నలుగురిలోకి వస్తే మూర్ఛ వస్తుందేమోనని భయం.

"తాళి రవిక లోపలే ఉండల్ల. పిల్లలు వద్దు, ఆ జబ్బు మళ్ళా పుడ్తాది. విన్నావా?" అంది పెద్దదొరసాని.

కదిరమ్మ నాయన వైపు చూసింది. మారెప్ప కళ్ళు తుడుచుకుంటూ, "నగరు ఉప్పు తిన్నోళ్ళం పాపా. దొర గుట్టు మన గుట్టు. నువ్వు నోరు మెదిపితే నా తలకాయ తీసినట్టే" అన్నాడు. ఆ కన్నీళ్ళు కూతురికి జరిగిన అన్యాయానికి కాదు, తనకు దక్కిన గౌరవానికి. ఆ సంగతి కదిరమ్మకు చాలా ఏళ్ళకు గాని అర్థం కాలేదు.

అప్పటి నుంచి కదిరమ్మ నడుముకు తాళంచెవుల గుత్తి వేలాడుతుండేది. చూసినవాళ్ళు పెత్తనమంతా ఆమెదే అనుకునేవాళ్ళు. ఏం పెత్తనం! మూర్ఛ వచ్చినప్పుడు చేతిలో ఇనుము పెడితే తగ్గుతుందని ఆ గుత్తి. తాళం వెయ్యడానికి ఆ ఇంట్లో ఏముంది గనక. దొర పెదవి ఒకపక్కకు లాగడం చూడగానే గుత్తిని అరచేతిలో పెట్టి, పిడికిలి మూసి, తలకింద తన తొడ ఉంచి, తెలివి వచ్చేదాకా కూర్చునేది. కళ్ళు తెరవగానే దొర అడిగే మొదటి మాట ఎప్పుడూ ఒకటే.

"ఎవురన్నా చూసినారా?"

"ఎవురూ చూడలే దొరా."

నలభై రెండేళ్ళూ ఇదే మాట, ఇదే జవాబు. నీకు చెయ్యి నొప్పి పుట్టిందా అని ఒక్కసారి అడిగి ఉంటే కదిరమ్మ ఇంకో నలభై రెండేళ్ళు చేసేది.

పెళ్ళయిన మూడో ఏట ఒకసారి తట్టుకోలేక పుట్టింటికి పోయింది. మారెప్ప గడప కూడా దాటనియ్యలేదు. "నువ్వొస్తే నీ ఎనకాల్నే నగరు గుట్టు ఊర్లేకి వస్తాది. పో పాపా, పో" అని తలుపు వేసుకున్నాడు. ఆ తర్వాత ఆమె ఎక్కడికీ పోలేదు.

ఇంత చేసినా ఆమె కోరుకుంది ఒక్కటే. నగలు కాదు, భూమి కాదు. నలుగురి ముందర ఆ ఇంటివాళ్ళు ఒక్కసారి తనను దొర భార్య అనాలి. అంతే.

కొన్నేళ్ళ కిందట గ్రామ సచివాలయం నుంచి రూతు అనే పిల్ల ఇంటింటి వివరాలు రాసుకోవడానికి వచ్చింది. "నీ భర్త పేరేంది అవ్వా?" అని అడిగింది. కదిరమ్మ చేతిలో పని పక్కన పెట్టింది. జీవితంలో ఆమెను ఆ ప్రశ్న అడిగినవాళ్ళు లేరు. తల ఎత్తి, గొంతు సవరించుకుని, "తిమ్మానాయనివారు" అని గట్టిగా చెప్పింది. అరుగు మీద కూర్చున్న దొరకు వినబడింది. ఆయన గోడ వైపు చూస్తూ అన్నాడు.

"మా ఇంట్లో పని చేసే మనిషమ్మా. పెద్దదయ్యింది, ఏందేందో అంటాది. వాళ్ళ నాయన పేరు రాసుకో. మారెప్ప."

రూతు కొట్టేసి రాసుకుంది. కదిరమ్మ లోపలికి పోయి పొయ్యి ముందు కూర్చుంది. ఏడవలేదు. ఏడిస్తే ఎందుకని అడుగుతారు, అడిగితే చెప్పాలి. మర్నాడే దొరకు పెద్ద మూర్ఛ వచ్చింది. తెలివి వచ్చాక ఆ ఒక్కసారి మాత్రం ఆయన ఎప్పటి ప్రశ్న వెయ్యలేదు. సిగ్గుపడ్డాడో, భయపడ్డాడో. "నేను పొయ్యేలోపల ఊరి ముందర చెప్తా కదిరీ, నువ్వు నా భార్యవని" అన్నాడు. ఆ మాటను నమ్ముకుని ఆమె మిగిలిన ఏళ్ళు వెళ్ళదీసింది.

పోయినేడు ఎండాకాలం మొదట్లో దొర గుండె ఆగి చనిపోయాడు. కదిరమ్మ తాళంచెవులు పట్టుకుని పరుగెత్తింది గాని, ఈసారి వచ్చింది మూర్ఛ కాదు. చెప్తానన్న మాట చెప్పకుండానే పోయాడు.

బెంగళూరు నుంచి దొరసాని వచ్చింది. ఆమె అన్నకొడుకు వంశీని నగరు దత్తత తీసుకుంది గనక, తలకొరివి అతనే పెట్టాడు. చిక్కు పదోదినం దగ్గర వచ్చింది. ఆ రోజు వంక ఒడ్డున, ఊరందరి ముందు, దొర భార్యను ముత్తైదువలా అలంకరించి గాజులు పగలగొట్టాలి. దొరసాని కుదరదంది. "నేనేం కాపరం చేసినానని ఈయన కోసం గాజులు పగలగొట్టించుకోవల్ల?" అంది. ఆమె మాటలో తప్పు కూడా కనబడదు. కానీ ఊరిపెద్ద సుంకప్ప పట్టు విడవలేదు. "దొరింటి కర్మ సగంలో ఇడిస్తే ఊరికి మంచిది కాదు నాయనా. ఎవురో ఒగరు కూర్చోవల్ల" అన్నాడు.

తొమ్మిదో రోజు సాయంత్రం వంశీ వంటింట్లోకి వచ్చాడు. ఎన్నడూ కదిరమ్మా అని పేరు పెట్టి పిలిచే మనిషి, గడప దగ్గర నిలబడి, "అత్తా" అన్నాడు.

మామ భార్యను కదా అత్త అంటారు. కదిరమ్మ చేతిలో చెంబు జారింది.

"రేపు పదోదినానికి నువ్వే కూర్చోవల్ల అత్తా. మామకు నువ్వు గాక ఇంకెవురుండారు?"

కదిరమ్మ వంగి ఆ చెంబు తీసుకుంది. ఆశపడింది, తన ఆశకు తానే సిగ్గుపడింది. "కూర్చుంటా. ఒగటే మాట. స్వామి అందరి ముందర నా పేరు చెప్పల్ల. తిమ్మానాయనివారి భార్య కదిరమ్మ అని" అంది.

"దానికేమత్తా, చెప్పిస్తా" అన్నాడు వంశీ. ఎంత తేలిగ్గా అన్నాడో!

మర్నాడు పొద్దున్నే ఎదురింటి హనుమక్క వచ్చి ఆమెకు తలంటి, పచ్చచీర కట్టి, తలనిండా పూలు పెట్టి, మోచేతుల దాకా గాజులు తొడిగింది. కత్తి పక్కన కూర్చున్న రోజు కూడా కదిరమ్మకు ఇన్ని పూలు పెట్టలేదు. నలభై రెండేళ్ళు లోపల దాచిన తాళిని తీసి రవిక మీద వేసుకుంది. వంకలో చుక్క నీళ్ళు లేవు, ట్యాంకర్ తెప్పించారు. ఊరంతా చుట్టూ నిలబడింది. దొరసాని మాత్రం కారులోనే ఉంది.

పురోహితుడు సంకల్పం మొదలుపెట్టాడు. ఊరి పేరు, గోత్రం, దొర పేరు. ఆడవాళ్ళు కదిరమ్మ రెండు చేతులూ పట్టుకున్నారు. ఆమె అరవయ్యొకటో ఏట తన పేరు కోసం చెవులు రిక్కించింది.

"...ధర్మపత్నీ చెలువమ్మణ్ణి నామధేయవతీ..."

చేతులు వెనక్కి లాక్కోబోయింది. అప్పటికే రాయి పడింది. గాజులు పొడిపొడి అయ్యాయి. ఎవరో తాళి తెంచారు, ఎవరో బొట్టు తుడిచారు.

"స్వామీ, నా పేరు! నా పేరు చెప్పలేదే!" అని కదిరమ్మ అరిచింది.

వంశీ వంగి చెవిలో అన్నాడు. "కాగితాల్లో మా అత్త పేరుండాది. నీ పేరు చదివితే రేపు ఆస్తికి అడ్డమొస్తాది. గలాటా చేయగాకు కదిరమ్మా."

అత్త అన్న పిలుపు ఒక్క రాత్రికే చెల్లిపోయింది. కదిరమ్మకు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళూ ఎవరి పరువు కోసం నోరు కుట్టుకుందో వాళ్ళ పరువు ఇప్పుడే వంకలో కలిపేస్తానని లేచి నిలబడింది.

"వినండప్పా! మీ దొరకు మూర్ఛరోగం. పెండ్లాము యిడిసిపెట్టి పోయింది. రోగం దాచేదానికి నన్ను కత్తికిచ్చి పెళ్ళి చేసినారు. నేను ఆయన భార్యను!"

ఎవరూ ఉలిక్కిపడలేదు. సుంకప్ప మెల్లగా దగ్గరికి వచ్చాడు. అతని ముఖంలో జాలి తప్ప ఇంకేమీ లేదు.

"మూర్ఛ సంగతి ఎవురికి తెల్దమ్మా? నేను చిన్నోడిగా ఉన్నప్పుడే తెలుసు. దొర బాధపడతాడని ఎవురూ అనలేదు, అంతే. నీకు పెళ్ళయ్యిందనేది మాత్రం ఇప్పుడే వింటాండా. దొరసానమ్మ తరపున కూర్చుంటివని గదా మేమంతా అనుకొన్యాము."

కదిరమ్మ లేచిన చోటే మళ్ళీ కూర్చుంది. పెద్దదొరసాని, పురోహితుడు, మారెప్ప, దొర, అందరూ పోయారు. పెళ్ళి చూశానని చెప్పే మనిషి భూమ్మీద లేడు. పెళ్ళికి కత్తి కూర్చుంది ఆయన తరపున, వైధవ్యానికి తాను కూర్చుంది దొరసాని తరపున. వాళ్ళిద్దరి కాపురంలో తాను చేసిందల్లా ఇంతే.

నెల తర్వాత ఒక పొద్దున, హనుమక్క కూతురు నర్సు పరీక్షకు కదిరి బస్సు కోసం బయలుదేరింది. అప్పుడే కదిరమ్మ కొళాయి దగ్గర్నుంచి బిందె ఎత్తుకుని ఎదురొచ్చింది. హనుమక్క గబుక్కున కూతురి చెయ్యి పట్టి ఆపింది.

"రెండు నిమిషాలు లోపల కూర్చోని, నీళ్ళు తాగి పో మ్మే."

కదిరమ్మ గోడ పక్కకు జరిగి నిలబడింది. ఆ పిల్ల చెప్పులు విడిచి లోపలికి పోయి, నీళ్ళు తాగి, మళ్ళీ బయటికి వచ్చి, ఆమె వైపు చూడకుండా బస్సు కోసం పరుగెత్తింది.