మిగిలిపోయిన పది రోజులు

మా తోటలో పనిచేసే కర్ణబీర్ రోకాయా ఆ రోజు మధ్యాహ్నంలోగా మూడుసార్లు గడ్డం గీసుకున్నాడు. మూడోసారి గీసుకోవడానికి అక్కడేమీ మిగల్లేదు. అయినా గీసుకుని, చెంప మీద గాటు పెట్టుకుని, దానికి పటిక రుద్దుకుని, వెళ్లి రోడ్డు మీద కూర్చున్నాడు. షిమ్లా నుంచి వచ్చే జీపులో అతని భార్య వస్తోంది. వాళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకుని మూడేళ్లు దాటింది.

అతనిది నేపాల్‌లో జాజర్‌కోట్. అక్కడి మగవాళ్లు మీసం రాగానే పని కోసం మా కొండలకు వస్తారు. మావాళ్లు వాళ్లందరినీ బహదూర్ అని ఒకే పేరుతో పిలుస్తారు. మా ఆయన మాత్రం వచ్చిన రోజే పేరు అడిగి తెలుసుకుని, చివరిదాకా కర్ణబీర్ అనే పిలిచారు. ఆపిల్ చెట్ల కొమ్మలు కత్తిరించడం, మందు కొట్టడం, వడగళ్లకు వలలు కట్టడం, కాయ కోయడం, అన్నీ అతనే చూసేవాడు. తోట పైఅంచున రేకుల కప్పు వేసిన గది అతనిది. ఏటా కోత అయిపోగానే దసరాకు ఊరు వెళ్లి, నెల ఉండి వచ్చేవాడు. అలా పదిహేనేళ్లు వెళ్లాడు. తర్వాత మూడేళ్లు వెళ్లలేదు. ఈ వేసవిలో ఫోన్ చేసి భార్యతో, "నువ్వే రా" అన్నాడట. ఆమె, "వస్తాను గానీ ఒక్కదాన్నే రాను, చితువా కూడా వస్తుంది" అన్నదట.

వాళ్ల మాటలో చితువా అంటే చిరుతపులి. ఆమె ఆ పేరు పెట్టుకున్నది కుక్కకు.

సాయంత్రానికి జీపు వచ్చింది. కోతకు వచ్చిన పదిమంది జాజర్‌కోట్ వాళ్లు దిగారు. అందరికంటే చివర జౌకలా దిగింది. సన్నటి మనిషి. నుదుటి పట్టీతో వీపున పెద్ద వెదురు బుట్ట మోస్తోంది. బుట్ట మీద కంబళి కప్పి ఉంది. కంబళి కదులుతోంది.

ముఠా పెద్ద మనిరామ్ కాకా నవ్వాపుకోలేక, దిగీదిగగానే చెప్పడం మొదలుపెట్టాడు.

"ఏం చెప్పను కర్ణే! సరిహద్దు దగ్గర కండక్టరు కుక్కని ఎక్కించనన్నాడు. మీ ఆవిడ పక్కకెళ్లి, బుట్టలో కుక్కని కుదేసి, కంబళి కప్పి, 'మేకపిల్ల' అని వచ్చి కూర్చుంది. సగం దారిలో మేక మొరిగింది."

"మరి కండక్టరు?"

"'ఏంటమ్మా, మేక మొరుగుతోంది?' అన్నాడు. 'మా ఊళ్లో పులులెక్కువ బాబూ, మా మేకలు మొరగడం నేర్చుకున్నాయి' అంది. బస్సంతా నవ్వింది. వాడూ నవ్వి వదిలేశాడు."

కర్ణబీర్ కూడా నవ్వుతూ బుట్ట దించడానికి భార్య వీపు మీద చెయ్యి వేయబోయాడు. కంబళి ఒక్కసారిగా ఎగిరింది. కనుబొమల దగ్గర గోధుమరంగు చుక్కలున్న నల్లటి కుక్క, దూడంత ఉంది, ఇద్దరి మధ్యా దూకి నిలబడి పళ్లు చూపించింది. కర్ణబీర్ రెండడుగులు వెనక్కి వేశాడు.

అతను కిందటిసారి ఊళ్లో ఉన్నప్పుడు ఆ కుక్క పుట్టనే లేదు. దానికి అతనెవరో తెలియదు.

ఆ సాయంత్రం గది గుమ్మానికి అడ్డంగా చితువా పడుకుంది. కర్ణబీర్ రొట్టె ముక్క వేశాడు. రొట్టె తిన్నది, దారి మాత్రం ఇవ్వలేదు. అతను పక్క గుడ్డలు తీసుకుని, కాయలు పెట్టెలకెత్తే షెడ్డులోకి వెళ్లాడు. మర్నాడూ అంతే. ఆ తర్వాత వారం రోజులూ అంతే.

కోత పనిలో నోళ్లు ఖాళీగా ఉండవు కదా. చెట్టుకొకరు ఎక్కి ఆటపట్టించారు.

"కర్ణే, ఇంటికెళ్లడానికి పర్మిట్ వచ్చిందా?"

"దరఖాస్తు పెట్టుకున్నాడు కాకా. సంతకం చేయాల్సిన ఆఫీసరు పడుకుని ఉన్నాడు."

"తోకూపితే సంతకం చేసినట్టే!"

కర్ణబీర్ వాళ్లతో కలిసి నవ్వేవాడు. బుట్ట నింపుకుని పక్కకు రాగానే అతని ముఖం మారిపోయేది.

కొన్ని రోజులు చూశాక నాకో సంగతి అర్థమైంది. జౌకలా చిటికె వేస్తే ఆ కుక్క లేస్తుంది. పాలవాడు వచ్చినప్పుడు వేసింది. నేను వెళ్లినప్పుడు వేసింది. మొగుడు వచ్చినప్పుడు మాత్రం వేయదు. పొయ్యి ముందు కూర్చుని, తన పని తను చేసుకుంటుంది.

ఒక మధ్యాహ్నం రాలిన కాయలు ఎండబెట్టడానికి మా వాకిట్లో ఇద్దరం చెక్కలుగా కోస్తున్నాం. నేనే కదిపాను.

"ఆ కుక్కకి నువ్వొక మాట చెప్పకూడదా, జౌకలా?"

"ఏం చెప్పమంటారు దిదీ? మా మామగారు పోయాక ఆ ఇంట్లో నేను ఒక్కదాన్నే. కూతురు తుల్సా అప్పటికే అత్తారింటికి వెళ్లిపోయింది. గొర్రెల కాపరిని అడిగి పిల్లప్పుడే దీన్ని తెచ్చుకున్నాను. రెండున్నరేళ్లు ఈయన చేయాల్సిన కాపలా అది చేసింది. ఈయన కనబడ్డారు కదాని ఇవాళ సెలవు తీసుకోమంటే తీసుకుంటుందా?"

ఆమె కోస్తున్న కాయ చేతిలోనే ఉంచుకుని అడిగింది.

"నిజం చెప్పండి దిదీ. ఇక్కడ ఇంకెవరైనా ఉన్నారా?"

"ఛ, ఛ! ఎవరూ లేరు. నేను ఒట్టేసి చెబుతాను."

"మరి కన్నతండ్రి పోతే ఎందుకు రాలేదు? సరే, మంచు పడింది, దారుల్లేవు అనుకుందాం. తర్వాతైనా రావచ్చుగా? కర్మ పదమూడు రోజులూ ఇక్కడే చేశాను అని ఫోన్‌లో రెండు మాటలు చెప్పి పెట్టేశారు. మూడేళ్లు రాని మనిషి ఎలా ఉన్నాడో చూద్దామని వచ్చాను. చూశాను. మనిరామ్ కాకా వాళ్లు దసరాకు వెళ్లేటప్పుడు నేనూ వెళ్లిపోతాను. ఆయనతో ఇప్పుడే అనకండి."

నా చేతిలో కత్తి ఆగిపోయింది. ఆమెకు కావలసిన జవాబు నా దగ్గర ఉంది. ఎవరికీ చెప్పవద్దని కర్ణబీర్ నా చేత మాట తీసుకున్నాడు.

సాయంత్రం షెడ్డు దగ్గరికి వెళ్లి అతన్ని అడిగాను.

"చెప్పేస్తాను, కర్ణబీర్. చెప్పకపోతే వెళ్లిపోయేలా ఉంది."

అతను పెట్టెకు మేకు కొడుతున్నవాడు కొడుతూనే ఉన్నాడు.

"చెబితే తప్పకుండా వెళ్లిపోతుంది భాభీ. ఏ ఆడది ఉంటుంది అలాంటివాడి దగ్గర? వద్దు."

మూడు రోజులు ఆలోచించాను. కోత చివరికొచ్చింది. మనిరామ్ కాకా జీపు మాట్లాడేశాడు. నాలుగో రోజు జౌకలాను మా వంటింట్లో కూర్చోబెట్టి చెప్పాను.

నేను బాగా చెప్పగలిగే మనిషిని కాను. జరిగింది జరిగినట్టే చెప్పాను. మా ఆయనకు మూత్రపిండాలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు షిమ్లా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అందుకే మొదటి ఏడాది కర్ణబీర్ దసరాకు వెళ్లలేదు. పుష్యమాసంలో అతని తండ్రి పోయినట్టు కబురు వచ్చింది. అతను గుండు చేయించుకుని, తెల్లబట్ట కట్టి, గదిలో గడ్డి మీద కూర్చున్నాడు. రోజుకు ఒక్కపూట ఉప్పులేని అన్నం. ఎవరూ అతన్ని తాకకూడదు, అతను ఎవరినీ తాకకూడదు. మూడో రోజు నడుంలోతు మంచు పడింది. పొద్దున్నే మా ఆయనకు ఊపిరాడలేదు. రోడ్డు పైన, ఇల్లు కింద. ఊళ్లో కేకేస్తే పలికే మగవాడు లేడు. నేను వాకిట్లో నిలబడి ఏడ్చాను. పైన గదిలో అతనికి వినబడింది.

"వచ్చాడు. బుట్టకు ఒక పక్క కోసేసి, ఆయన్ని ఎత్తి అందులో కూర్చోబెట్టి, నుదుటికి పట్టీ తగిలించుకున్నాడు. 'నువ్వు కర్మలో ఉన్నావు, తాకకూడదు' అని నేను అనాలి జౌకలా. నాకు తెలుసు. అనలేదు. మోసుకుని రోడ్డెక్కాడు. ఆసుపత్రిలో రెండు రోజులు నాతోనే ఉన్నాడు. అక్కడ క్యాంటీన్‌లో పప్పూ రొట్టె తిన్నాడు. ఉప్పున్న పప్పే. తిరిగొచ్చాక తెల్లబట్ట మడిచి పెట్టేశాడు. 'తెగిపోయింది భాభీ, మళ్లీ కూర్చునే అర్హత లేదు' అన్నాడు. ఆ తర్వాత మా ఆయన అయిదు నెలలు బతికారు."

జౌకలా లేచి నిలబడింది.

"అయితే మా మామగారికి మూడు రోజుల కర్మే జరిగిందన్నమాట. మీ మనిషిని ఈయన మోశారు. మా మనిషిని ఊరివాళ్లు మోశారు."

"అవును."

ఆమె కుక్కను పిలుచుకుని వెళ్లిపోయింది. ఆ పూట నేను పొయ్యి వెలిగించలేదు. ఎవరి సంసారమో నా నోటితో తెగ్గొట్టాననుకున్నాను.

మర్నాడు తెల్లవారుతూనే వచ్చి వాకిట్లో నిలబడింది. వెనక చితువా.

"ఆ దారి చూపించండి దిదీ."

ఇద్దరం ఎక్కడం మొదలుపెట్టాం. మాది నిటారు దారి. చెట్ల మధ్య నుంచి మెలికలు తిరిగి రోడ్డు చేరుతుంది. ఆమె కొంతదూరం ఎక్కి ఆగేది, కిందికి చూసేది.

"ఎన్నిచోట్ల దించారు?"

"మూడు చోట్ల. ఇదిగో ఈ బండ మీద మొదటిసారి."

"బరువైన మనిషా?"

"పూర్వం బరువే. అప్పటికి ఏమీ మిగల్లేదు."

ఆమె నా ముఖం చూసి, చూపు తిప్పుకుంది. మళ్లీ ఎక్కాం. రోడ్డు దగ్గరికి వచ్చేసరికి నాకు ఆయాసం. ఆమె నా చెయ్యి పట్టుకుని పిట్టగోడ మీద కూర్చోబెట్టింది.

"చెప్పుంటే అరిచేదాన్ని. అరిచి ఊరుకునేదాన్ని. చెప్పకుండా ఇన్నేళ్లు దాక్కున్నారు చూడండి, దానికి వచ్చింది నాకు కోపం."

"నా వల్లే కదా."

"మీ వల్లేమిటి? మా మామగారే ఉంటే ఏమనేవారో తెలుసా? 'బతికున్నవాణ్ణి మొయ్యరా గాడిదా, నేనెక్కడికీ పోను' అనేవారు. అలాంటి మనిషాయన."

దిగి వచ్చాక తిన్నగా షెడ్డుకు వెళ్లింది. కర్ణబీర్ పెట్టెలు పేరుస్తున్నాడు. ముఠా అంతా అక్కడే ఉన్నారు.

"తుల్సా నాన్నా, ఆ తెల్లబట్ట ఎక్కడ పెట్టారు?"

అతను నా వైపు చూశాడు. నేను తలదించుకున్నాను.

"ట్రంకుపెట్టెలో" అన్నాడు మెల్లగా.

"తియ్యండి. మూడు రోజులు అయ్యాయి. పది మిగిలాయి. రేపటి నుంచి కూర్చోండి."

మనిరామ్ కాకా నోరు తెరిచాడు. "రెండున్నరేళ్లు దాటిన కర్మ ఇప్పుడు చేయడమేమిటమ్మా? ఏ పంతులు చెప్పాడు?"

"ఏ పంతులూ చెప్పలేదు కాకా. ఆయనకి కోడల్ని నేను. నేనే చెబుతున్నాను."

"అది కాదమ్మా, ఎల్లుండి జీపు. పది రోజులంటే నువ్వెలా వస్తావు?"

"ఈ మనిషికి ఉప్పులేని అన్నానికి నీళ్లూ కట్టెలూ అందించాలి కదా. మీరు వెళ్లండి. మా ఇంటి తాళంచెవి ఇస్తాను, పక్కింటి మరదలికి ఇవ్వండి. చలికి ముందు కప్పు ఒకసారి కప్పించమని చెప్పండి."

కర్ణబీర్ చేతిలో పెట్టె అలాగే ఉంది. దాన్ని దించాలని కూడా తోచలేదు. పక్కవాళ్లు అందుకుని దించారు.

మర్నాడు అతను గుండుతో, తెల్లబట్టలో, గది బయట ఎండలో గడ్డి పరుచుకుని కూర్చున్నాడు. జౌకలా కట్టెలు దూరంగా పెట్టి జరిగేది. అతను తన కూడు తనే వండుకునేవాడు. ఉప్పు జౌకలా కూడా మానేసింది. నేనూ మానేశాను, ఎవరికీ చెప్పలేదు.

ఆ మర్నాడు జీపు వెళ్లింది. మా కొండ ఖాళీ అయింది. చితువాకు తోచలేదు. గుమ్మంలో కాసేపు పడుకుంది. లేచి, తెల్లబట్టలో ఉన్న మనిషి చుట్టూ తిరిగింది. అతను కదలడు, పలకడు, రొట్టెతో ఆశ పెట్టడు. ఊరికే కూర్చుని ఉంటాడు. అలాంటి మనిషిని అది ఎప్పుడూ చూసి ఉండదు. దగ్గరికి వెళ్లి, చేతులు వాసన చూసి, ఆఖరికి తలకాయ తెచ్చి అతని మోకాలి మీద పెట్టి కళ్లు మూసుకుంది.

కర్ణబీర్ బిగుసుకుపోయాడు. చేతులు గాల్లోకి ఎత్తేశాడు.

"తుల్సా అమ్మా! తాకింది! కుక్క తాకింది! మళ్లీ తెగిపోయింది!" ఏడుపు గొంతుతో అరిచాడు.

జౌకలా గిన్నె చేతిలో పట్టుకుని బయటికి వచ్చి చూసింది. వచ్చిన దగ్గర్నుంచీ ఆమె నవ్వగా నేను చూడలేదు. అప్పుడు నవ్వింది.

"తెగలేదు, కూర్చోండి. యముడి వాకిట్లో కాపలా ఉండేవి కుక్కలే కదా. అది ఒప్పుకుందంటే లోపల మామగారు ఒప్పుకున్నట్టే."

"అంటే ఇప్పుడు నేను దీన్ని ముట్టుకోవచ్చా?"

"పది రోజులు అయ్యాక. తొందరేముంది? చలికాలమంతా ఉంటాం కదా."

అతను చేతులు అలాగే గాల్లో పెట్టుకుని కూర్చున్నాడు. చితువా గట్టిగా ఊపిరి వదిలి, తలకాయ ఇంకాస్త లోపలికి జరుపుకుంది.