బస్వరాజ్ చెలకలో సర్కారు తుమ్మ

ఆరేళ్లుగా ఈ మాటను కడుపులో దాచుకొని తిరుగుతున్నాను. మీకు చెబుతున్నాను కదా అని తల వంచుకుంటాననుకోకండి. తప్పు నాదే. ఏడవడం మాత్రం నా వల్ల కాదు.

మాది నారాయణఖేడ్ పక్క ఊరు. అరవై మేకలున్నాయి నాకు. కోతలయ్యాక రైతులు మందను తమ మెట్ట చెలకలో రాత్రిళ్లు ఆపించుకుంటారు, పెంటికలు ఎరువవుతాయని. ఆ యేడు బస్వరాజ్ పిలిచాడు. ఆయనకున్నది రెండెకరాలు. అందులో పండే కందితోనే ఇల్లు గడవాలి.

తుమ్మకాయలు మేసిన మందను రెండు రోజులు బీడు భూమిలోనే ఆపాలి. కడుపులోని గింజలు అక్కడే పడిపోతాయి. మా తాత నేర్పిన పద్ధతి ఇది. నేను ఆపలేదు. వాగు ఒడ్డున సర్కారు తుమ్మ కాయలు మేపి, ఆ సాయంత్రమే ఆయన చెలకలోకి తోలాను. ఆలస్యమైతే ఇంకొకరి మందను పిలుస్తాడని భయం.

వానలు పడ్డాక ఆయన ఒక మొలకను పీక్కొని వచ్చాడు.

"గిదేం మొక్క తమ్మీ? గట్ల పొంటి మస్తు మొలిచింది. పీకెయ్యాల్నా?"

"నల్ల తుమ్మ అన్నా. ఉండనియ్, నాగలికి కట్టె అయితది."

అది నేలను మింగేసే సర్కారు తుమ్మని చూడగానే గుర్తుపట్టాను. మేకలు కాసేవాడికి ఆ ఆకు తెలియకపోవడమేంటి? నిజం చెబితే ఊళ్లో ఒక్కరూ నా మందను పిలవరు. అదొక్కటేనా కారణం? పెరిగితే ఆ కాయలు నా మేకలకే కదా అన్న ఆశ లేదా? ఉంది. ఇప్పుడు దాచి ఏం లాభం?

మూడో యేడు పసుపు పూలు పూశాయి. నల్ల తుమ్మ పువ్వు గుండ్రంగా చిన్న బంతిలా ఉంటుంది. ఇవేమో వేలంత పొడుగున వేలాడుతున్నాయి. అది సర్కారు తుమ్మని బస్వరాజ్‌కు అప్పుడు తెలిసింది. నన్నొక్క మాట అనలేదు. లేత మొలకను చూసి ఎవరైనా పొరబడతారన్నాడు, గాలికో పిట్టలకో వచ్చుంటుందన్నాడు. నేను తలూపాను.

ఏ పరాయి దేశం నుంచో ఆ చెట్టును మన నేల మీదికి తెచ్చినవాళ్లను ఎవరూ అడగరు, నన్నే ఎందుకు అడగాలి అని చాలాసార్లు అనుకున్నాను. కానీ వాళ్ల ముందుకు బస్వరాజ్ మొలక పట్టుకొని రాలేదు. నా దగ్గరికే వచ్చాడు.

కొట్టినకొద్దీ మోడు నుంచి చిగురించి, గట్ల మీది ముళ్లు చెలకంతా పాకాయి. కంది పోయింది. ఆయన కూలికి హైదరాబాద్ వెళ్లిపోయాడు. వెళ్తూ, కాయలు వృథాగా పోనివ్వకుండా నా మేకలను తోలుకోమన్నాడు. తోలుతున్నాను. రేపూ తోలుతాను. మేకలు పస్తులుంటే ఆయన కంది తిరిగి వస్తుందా?

గాలి తెచ్చిందని ఇంకెవరైనా అంటే మాత్రం ఇక తలూపను. ఆ చెలకను పాడుచేసింది నేను. ఆయనకింకా చెప్పలేదు. మీకు చెప్పాను. కాస్త ఊపిరాడుతోంది.